కరెంటు వచ్చింది, నీళ్లు రాలేదు: ఉద్దానంలో ఒక పరిశోధన ప్రపోజల్‌కు నిధులు దొరికిన తీరు

ఈ కేసులో కాలేజీ పేరు, మండలం పేరు, నిధులిచ్చిన సంస్థ పేరు తీసేశాం. మిగతా వివరాలు అలాగే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన మౌలిక వసతుల మీద పరిశోధన చేస్తామని ముందుకొచ్చే బృందాలు ఈమధ్య పెరిగాయి. వాటిలో చాలా ప్రపోజల్స్ వెనక్కి రావడానికి కారణం సబ్జెక్టు రాకపోవడం కాదు. ఏం అడగాలో, ఎవరిని అడగాలో తేలకపోవడం. ఈ కేసులో అది తేలిన క్రమం ఉపయోగపడుతుందని రాస్తున్నాం.

నేపథ్యం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140-150 కిలోమీటర్లు, ఈదురుగాలులు 165 దాకా. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు స్తంభాలు వేలల్లో పడిపోయాయి. చెట్లు తీస్తే గానీ స్తంభాల లారీ ఊళ్లోకి రాదు. స్తంభాలు నిలబడితే గానీ పంపుహౌస్‌కు కరెంటు రాదు. పంపు తిరిగితే గానీ ట్యాంకులోకి నీళ్లెక్కవు. ఈ వరస ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు.

ఉద్దానానికి మరో సంగతి తోడైంది. కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి డయాలసిస్ కేంద్రాలు ఉన్నాయి. డయాలసిస్‌కు కరెంటూ కావాలి, నీళ్లూ కావాలి, రోగి వారానికి రెండు మూడు సార్లు కేంద్రానికి చేరడానికి రోడ్డూ కావాలి. దాదాపు 700 కోట్ల ఖర్చుతో హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాక తాగునీటి నాణ్యత ప్రశ్నకు ఒక జవాబు దొరికింది. కానీ ఊరి బోరు మీద నడిచిన చోట ఇప్పుడు నీళ్లు పదుల కిలోమీటర్ల అవతల ఉన్న పంపింగ్ మీద, దారిలోని బూస్టర్ పంపుల మీద ఆధారపడ్డాయి. నాణ్యత పెరిగింది, గొలుసూ పొడవైంది. పరిశోధనకు ఇంతకంటే మంచి క్షేత్రం దొరకడం కష్టం.

బృందంలో జిల్లాకు చెందిన ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ సివిల్ విభాగం నుంచి ఇద్దరు, ఎలక్ట్రికల్ నుంచి ఒకరు. ముగ్గురికీ పబ్లికేషన్లు ఉన్నాయి, బయటి నిధులతో ప్రాజెక్టు నడిపిన అనుభవం మాత్రం ఒక్కరికే ఉంది.

మొదటి ప్రపోజల్

అది జిల్లా మొత్తానికి ‘సమగ్ర రెసిలియెన్స్ (దెబ్బ తట్టుకుని కోలుకునే శక్తి) చట్రం’. కరెంటు, నీళ్లు, రోడ్లు, టెలికాం, వైద్యం, అయిదూ ఒకే మోడల్‌లో. మూడేళ్లు. బడ్జెట్‌లో 60 శాతం పైగా పరికరాలు, అందులో సింహభాగం ఒక రియల్‌టైమ్ సిమ్యులేటర్‌కు. రివ్యూలో వచ్చింది మూడే ముక్కలు: పరిశోధన ప్రశ్న స్పష్టంగా లేదు, డేటా ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పలేదు, పరికరం లేకపోతే పని ఆగుతుందా అన్నది తేలలేదు.

ఆ రూపం ఎక్కణ్నుంచి వచ్చిందో ఊహించడం తేలిక. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2014లో ‘రిప్స్’ పేరుతో, ఆ తర్వాత ‘క్రిస్ప్’ పేరుతో ఈ అంశానికే ప్రత్యేకంగా నిధులిచ్చింది. ఇంజినీరింగ్, కంప్యూటింగ్, సామాజిక శాస్త్రాలు కలిసి రావాలన్నది ఆ పిలుపుల సారం. ఆ ప్రాజెక్టుల సారాంశాలు నెట్‌లో చదివి, అదే విస్తృతిలో ఇక్కడ రాస్తే ఇబ్బందే. అక్కడ యుటిలిటీ సంస్థలతో ఏళ్ల తరబడి డేటా ఒప్పందాలున్న విశ్వవిద్యాలయాలు రాసుకున్న వాక్యాలవి. ఒప్పందం లేకుండా వాక్యం మాత్రమే తెచ్చుకుంటే రివ్యూయర్‌కు మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

పైగా ‘ఆధారపడటం’ అన్న మాటను మొదటి ప్రపోజల్ ఒకే ముద్దగా వాడింది. 2001లోనే రినాల్డి, పీరెన్‌బూమ్, కెల్లీ దీన్ని నాలుగు రకాలుగా విడదీశారు: వస్తురూపంగా ఆధారపడటం (పంపుకు కరెంటు), సమాచారం మీద ఆధారపడటం (సెల్‌ఫోన్ టవర్, పంపులను దూరం నుంచి గమనించి నడిపే స్కాడా), ఒకే చోట ఉండటం వల్ల కలిసి దెబ్బతినడం (వంతెన మీదుగా వెళ్లే పైపు, కేబుల్), ఇవేవీ కాని నిర్ణయాలు, నిబంధనల ద్వారా వచ్చేవి. ప్రపోజల్ మొదటి రకం దగ్గరే ఆగిపోయింది. ఈ కేసులో అసలు సరుకు రెండో రకంలో, నాలుగో రకంలో దొరికింది.

తట్టిన మరో రెండు తలుపులు

తిరస్కరణ తర్వాత బృందం ప్రపోజల్ మార్చలేదు, చిరునామా మార్చింది. మొదట రాష్ట్ర విపత్తు నివారణ నిధి. 15వ ఆర్థిక సంఘం సిఫార్సుతో రాష్ట్రాల విపత్తు నిధిలో 80 శాతం సహాయ, పునరుద్ధరణలకు, 20 శాతం ముందస్తు నివారణకు కేటాయించారు. ఆ 20 శాతం మీద ఆశ పెట్టుకున్నారు. కానీ అది ప్రభుత్వ శాఖల ద్వారా జరిగే నివారణ పనులకు ఉద్దేశించింది. కాలేజీ పేరుతో మోడలింగ్ ప్రాజెక్టు అందులో ఇమడదు. శాఖ చేపట్టే పనిలో అధ్యయన భాగస్వామిగా వెళ్లొచ్చు గానీ, దానికి ముందు శాఖ ఆ పని తలపెట్టాలి.

తర్వాత ఒక పరిశ్రమ సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధి. కంపెనీల చట్టం 7వ షెడ్యూల్లో పరిశోధనకు చోటుంది. అయితే ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన ప్రాజెక్టులు, ప్రభుత్వ నిధులతో నడిచే విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, జాతీయ ప్రయోగశాలల వంటివే అందులో ఉన్నాయి. ప్రైవేటు కాలేజీ నేరుగా ఆ అంశం కింద రాదు. విపత్తు నిర్వహణ అంశం కింద లాగవచ్చు గానీ, కంపెనీ ఆడిటర్ సిమ్యులేటర్ కొనుగోలును విపత్తు నిర్వహణ అంటే ఒప్పుకోడు. ఒప్పుకోలేదు కూడా.

ఈ రెండు ప్రయత్నాలకూ బాగానే కాలం పోయింది. పీఐ (ప్రధాన పరిశోధకుడి) హోదా ఎవరికుంటుంది, సంస్థ ఏ రకానిదై ఉండాలి, డబ్బు పనికా పరిశోధనకా అన్న మూడు ప్రశ్నలకు పిలుపు పత్రంలో మొదటి రెండు పేజీల్లోనే జవాబు ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో ఏఎన్‌ఆర్‌ఎఫ్ (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్) చట్టం అమల్లోకొచ్చి, అంతకుముందు కేంద్రం తరఫున పరిశోధన నిధులిచ్చిన ఎస్‌ఈఆర్‌బీ అందులో కలిసిపోయాక పాత ఫారాలు, పాత పథకాల పేర్లు పట్టుకుని రాసేవాళ్లు ఇప్పటికీ కనబడుతున్నారు. ముందు అర్హత పేజీ, తర్వాతే సారాంశం.

డేటా దగ్గర తగిలిన గోడ

ప్రపోజల్‌కు బలం రావాలంటే డేటా కావాలని తేలాక, డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, ఒక లేఖ వెళ్లింది: జిల్లాలోని అన్ని 33/11 కేవీ సబ్‌స్టేషన్ల మ్యాపులు, ఫీడర్ల (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వెళ్లే లైన్ల) సింగిల్ లైన్ డయాగ్రాములు, అయిదేళ్ల అంతరాయాల వివరాలు. జవాబు రాలేదు. రాకపోవడంలో వింతేమీ లేదు. అంత డేటా ఒక్కరి చేతిలో ఉండదు, ఇవ్వడానికి సంతకం చేయాల్సిన అధికారికి అందులో లాభం లేదు, ఎక్కడైనా తేడా వస్తే మాట మాత్రం ఆయనకే వస్తుంది. నెట్‌వర్క్ మ్యాపు భద్రతకు సంబంధించిందన్న అభ్యంతరం కూడా న్యాయమైనదే.

ఇక్కడే దారి మారింది. జిల్లా మొత్తం వదిలేసి ఒక్క 11 కేవీ ఫీడర్, దాని మీద నడిచే ఒక్క పంపుహౌస్, అది నింపే ఒక్క ఓవర్‌హెడ్ ట్యాంకు, ఆ పరిధిలోని ఒక్క డయాలసిస్ కేంద్రం తీసుకున్నారు. అడిగింది మ్యాపు కాదు. సబ్‌స్టేషన్ లాగ్‌షీట్, పంపుహౌస్ లాగ్‌బుక్, కేంద్రంలో ఆర్‌వో ప్లాంటు రిజిస్టరు. ఈ మూడూ ఎప్పటినుంచో చేత్తో రాస్తున్నవే. అక్కడికక్కడే కూర్చుని చూసుకుని, ఫొటో తీసుకునేందుకు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) స్థాయిలో అనుమతి సరిపోయింది. అడిగేది చిన్నదైతే సంతకం కూడా కింది మెట్టులోనే దొరుకుతుంది.

లాగ్‌బుక్‌లో కనబడింది

పంపుహౌస్ లాగ్‌బుక్‌లో గళ్లు మామూలే: తేదీ, మోటారు ఆన్, ఆఫ్, మూడు ఫేజుల వోల్టేజి, యాంపులు, ఫ్లోమీటర్ రీడింగు, రిమార్కులు. సమయాలన్నీ అరగంటకో పావుగంటకో దగ్గరగా గుండ్రంగా ఉంటాయి. 6.00, 6.30, 7.15. ఆసక్తికరమైందంతా చివరి గడిలోనే: ‘కరెంటు లేదు’, ‘లో వోల్టేజి’, ‘ఒక ఫేజు లేదు’, ‘ఫ్యూజు పోయింది, లైన్‌మన్‌కి చెప్పాం’.

గాలివాన వచ్చిన ఒక రోజు పేజీని సబ్‌స్టేషన్ లాగ్‌షీట్ పక్కన పెట్టారు. సబ్‌స్టేషన్లో ఫీడర్ మధ్యాహ్నం 2.10కి ఛార్జ్ అయినట్టు, అంటే లైన్లోకి మళ్లీ కరెంటు వదిలినట్టు ఉంది. పంపుహౌస్‌లో మోటారు ఆన్ అయింది మర్నాడు ఉదయం 7.30కి. డిస్కం లెక్కలో అంతరాయం మధ్యాహ్నమే ముగిసింది. ఊళ్లో నీళ్లకు మాత్రం ఇంకో పదిహేడు గంటలు పట్టింది.

ఆ పదిహేడు గంటల్లో ఏం జరిగింది? పంపుహౌస్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫేజు హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజు పోయింది. రెండు ఫేజుల మీద మోటారు తిరిగితే వైండింగ్ కాలిపోతుంది కాబట్టి స్టార్టర్‌లోని సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ మోటారును ఆపేసింది. అది దాని పని చేసింది. ఆపరేటర్ లైన్‌మన్‌కు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. టవర్ బ్యాటరీలు అయిపోయాయి, అక్కడి జనరేటర్లో డీజిల్ లేదు. లైన్‌మన్ పక్క ఊళ్లో తెగిన కండక్టర్ దగ్గర ఉన్నాడు. మనిషి వెళ్లి చెప్పేసరికి చీకటి పడింది. ఫీడర్ బాగుందనుకున్న సబ్‌స్టేషన్‌కు ఇదేమీ కనబడదు, ఎందుకంటే వాళ్లకు కనిపించేది ఫీడర్ మొత్తం యాంపులే. ఊరి లోడులో ఒక పంపు లేకపోవడం అందులో కలిసిపోతుంది.

కరెంటు నుంచి నీటికి ఒక గీత గీసి వదిలేసిన మోడల్‌లో ఈ పదిహేడు గంటలు సున్నా. బృందానికి దొరికిన పరిశోధన ప్రశ్న ఇదే: ఫీడర్ ఛార్జ్ అయిన క్షణానికీ, పంపు తిరిగిన క్షణానికీ మధ్య ఉండే ‘రెండో ఆలస్యం’ దేని మీద ఆధారపడుతుంది? మరమ్మతు మనుషుల మీదా, టవర్ మీదా, దారి మీదా?

ట్యాంకు వైపు లెక్క కూడా తెరిచి చూశారు. నాలుగు వేల జనాభాకు జల్ జీవన్ ప్రమాణం తలకు 55 లీటర్ల చొప్పున రోజుకు 2,20,000 లీటర్లు. ట్యాంకు 90,000 లీటర్లది, అంటే సగం రోజు కూడా రాదు. పంపు గంటకు 30,000 లీటర్లు ఇస్తే ఖాళీ ట్యాంకు మూడు గంటల్లో నిండాలి. నిండదు. రెండు రోజుల తర్వాత నీళ్లొచ్చాయని తెలియగానే అన్ని కుళాయిలూ తెరుచుకుంటాయి, ట్యాంకు అడుగునే నీళ్లు జారిపోతాయి, చివరి వీధికి చుక్క చేరదు. కాబట్టి పంపు తిరగడమూ, చివరి ఇంటికి నీళ్లు చేరడమూ కూడా ఒకటి కాదు. దీన్ని ప్రపోజల్లో ఒక పేరాతో ముగించారు. సాగదీస్తే మళ్లీ జిల్లా అంతటి మోడల్ అవుతుంది.

డయాలసిస్ కేంద్రం చెప్పిన కొత్త సంగతి

బృందం ఊహ ప్రకారం కేంద్రానికి పెద్ద ముప్పు నీటి కొరత. లెక్క వేస్తే అది కాదని తేలింది. డయాలిసేట్ (రక్తాన్ని శుద్ధి చేసే ద్రవం) నిమిషానికి 500 మిల్లీలీటర్లు, నాలుగు గంటలకు 120 లీటర్లు. ఆర్‌వోలో వృథా కలుపుకుంటే ఒక్కో సెషన్‌కు 200 నుంచి 240 లీటర్ల మామూలు నీళ్లు. పది యంత్రాలు, మూడు షిఫ్టులు అనుకుంటే రోజుకు 6,000-7,200 లీటర్లు. ఒకటిన్నర ట్యాంకరు. రెండు రోజులకు సరిపడా సంపు కట్టడం పెద్ద ఖర్చు కాదు.

అసలు చిక్కు టెక్నీషియన్ రిజిస్టరులో ఉంది. తుపాను తర్వాత అతిసారం రాకుండా నీళ్లలో క్లోరిన్ మోతాదు పెంచుతారు, ట్యాంకర్లలో బ్లీచింగ్ వేస్తారు. ఊరికి అది రక్ష. మామూలుగా కుళాయి నీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల అవశేష క్లోరిన్ ఉండాలంటారు. డయాలసిస్ నీటిలో మొత్తం క్లోరిన్ 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. దాటితే, ముఖ్యంగా క్లోరమైన్ రక్తంలోకి చేరితే, ఎర్రకణాలు పగిలిపోతాయి. ఆ క్లోరిన్‌ను పట్టుకునేది ఆర్‌వోకు ముందున్న కార్బన్ ఫిల్టర్. క్లోరిన్ మోతాదు ఒక్కసారిగా పెరిగితే కార్బన్ తొందరగా అరిగిపోతుంది. క్లోరిన్ పెంచిన కబురు నీటి విభాగం నుంచి పంచాయతీకి వెళ్తుంది. డయాలసిస్ కేంద్రానికి పంపాలన్న నియమం ఆ వరసలో ఎక్కడా లేదు. ప్రతి షిఫ్టుకు ముందు క్లోరిన్ పరీక్ష చేసే టెక్నీషియన్ ఒక్కడే అడ్డు.

నాలుగో రకం అంటే ఇదే. ఏ తీగా తెగలేదు, ఏ పైపూ పగలలేదు. ఒక వ్యవస్థ తన పని సరిగ్గా చేయడమే ఇంకో వ్యవస్థకు ఇబ్బంది. రివ్యూ కమిటీ ముందు ప్రెజెంటేషన్‌లో ఎక్కువ ప్రశ్నలు వచ్చింది ఈ స్లైడు మీదే.

పనిచేసిన ప్రపోజల్

కొత్త ప్రపోజల్‌లో గొలుసు ఒకటే: ఫీడర్, పంపు, ట్యాంకు, డయాలసిస్, వీటి మధ్య సమాచారం నడిచే దారి. పోలిక కోసం విజయనగరం జిల్లాలో తీరానికి దూరంగా ఉన్న ఇంకో ఫీడర్. ప్రభుత్వ విశ్వవిద్యాలయం నుంచి ప్రజారోగ్య విభాగం అధ్యాపకురాలు కో-పీఐగా చేరారు. పేరు కోసం కాదు. డయాలసిస్ భాగానికి నైతిక కమిటీ అనుమతి తేవాలంటే ఆ అనుభవం ఉన్నవాళ్లే కావాలి. రోగుల వివరాలు అసలు తీసుకోబోమని, యంత్రాల, నీటి రిజిస్టర్లే చూస్తామని మొదటి పేజీలోనే రాశారు. కమిటీ దగ్గర సగం ప్రశ్నలు దాంతోనే పోయాయి.

సిమ్యులేటర్ పోయింది, దాని స్థానంలో లాగర్లు (రీడింగులు వాటంతట అవే నమోదు చేసే చిన్న పరికరాలు) వచ్చాయి: పంపుహౌస్‌లో మూడు ఫేజుల వోల్టేజి నమోదు చేసేది, ట్యాంకులో నీటి మట్టం చూసేది. మొదటి డిజైన్‌లో ఇవి సిమ్ కార్డు ద్వారా మాత్రమే డేటా పంపేవి. కరెంటు, టవర్ రెండూ పోయిన రోజున కావాల్సిన డేటా ఆ రోజే రాదన్నమాట. అందుకే కార్డులో నిల్వ చేసుకుని, సిగ్నల్ వచ్చాక పంపేలా మార్చారు. బ్యాటరీ 12 వోల్టుల 7 యాంపియర్-అవర్లది. సగటున 20 మిల్లీయాంపులు తీసుకునే లాగర్‌కు సగం సామర్థ్యమే లెక్కలోకి తీసుకున్నా 175 గంటలు, వారం పైన. తీరంలో ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబడి తెగిపోతాయి కాబట్టి దుమ్మూ నీళ్లూ చొరని ఐపీ65 పెట్టె, కేబుల్ గ్లాండ్లు (కేబుల్ లోపలికి వెళ్లే చోటి బిగింపులు) కిందివైపు, సర్క్యూట్ బోర్డుకు పూత. గడియారాల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ కీలకం: సబ్‌స్టేషన్ గోడ గడియారానికీ పంపుహౌస్ గడియారానికీ పది నిమిషాల తేడా ఉంటే రెండో ఆలస్యం లెక్కే తప్పు. ప్రతి సందర్శనలో రెండు గడియారాలూ ఫోన్ సమయంతో పోల్చి తేడా రాసుకోవాలని పద్ధతిలో చేర్చారు. పాత రిజిస్టర్లకు ఆ తేడా తెలిసే వీల్లేదు. అందుకే అరగంట లోపు ఆలస్యాలను పాత డేటా నుంచి లెక్కలోకి తీసుకోబోమని ముందే చెప్పేశారు.

బడ్జెట్ తలకిందులైంది. పరికరాలు 15 శాతం లోపు, మనుషులు సగానికి పైగా. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో)కు నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)కు 42,000. ఇద్దరికి మొదటి రెండేళ్లు ఏడాదికి 8.88 లక్షలు, మూడో ఏడు 10.08 లక్షలు, మొత్తం 27.84 లక్షలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. ప్రయాణ ఖర్చు మామూలు ప్రపోజల్స్ కంటే ఎక్కువే అడిగారు. నెలనెలా వెళ్లి పాత రిజిస్టర్లు ఫొటో తీసి, చేతిరాత చదివి ఎక్కించడమే ఇక్కడ ప్రధాన పని కాబట్టి దాన్ని కంటింజెన్సీ (చిల్లర ఖర్చుల పద్దు)లో దాచకుండా విడిగా చూపించారు. ఎందుకు ఎక్కువో ఒక వాక్యం రాస్తే రివ్యూయర్ కోత పెట్టడు. రాయకపోతే మొదట కోసేది అక్కడే.

ప్రపోజల్‌కు రెండు లేఖలు జతచేశారు. ‘సహకరిస్తాం’ అనే రకం కాదు. ఏ రిజిస్టరు, ఏ నెలల నుంచి, ఎవరి సమక్షంలో చూడవచ్చు, ఊరి పేరు లేకుండా ప్రచురించవచ్చా అన్నవి అందులో ఉన్నాయి. అలాంటి అర పేజీ లేఖ ముందు వివరాల్లేని ఎంఓయూ (అవగాహన ఒప్పందం) ఫైలు పనికిరాదు. మంజూరు అయింది. అడిగినదాంట్లో పరికరాల కింద కొంత కోత పడింది, మనుషుల్లో పడలేదు.

మంజూరు తర్వాత

డబ్బు వచ్చాక వచ్చిన ఇబ్బందులు అందరికీ తెలిసినవే, అయినా లెక్కలోకి తీసుకోరు. నెట్ లేదా గేట్ పరీక్ష పాసైన అభ్యర్థి శ్రీకాకుళంలో ఉండి లాగ్‌బుక్‌లు చదవడానికి వెంటనే దొరకడు. చేరినవాడికి ఉద్యోగం వస్తే వెళ్లిపోతాడు. మొదటి ఏడాది జీతాల డబ్బు మిగిలిపోతే వినియోగ ధ్రువపత్రంలో, అంటే జీఎఫ్‌ఆర్ 12-ఏలో, ఖర్చుకాని మొత్తం పెద్దదిగా కనబడి రెండో వాయిదా ఆలస్యమవుతుంది. దీనికి ఈ బృందం చేసిన సర్దుబాటు మంచిది: మంజూరు ఉత్తర్వు రాగానే ప్రకటన ఇచ్చి, ఎంపిక జాబితాతో పాటు నిరీక్షణ జాబితా కూడా ఆమోదింపజేసుకున్నారు. ఒకరు వెళ్తే మళ్లీ ప్రకటన అక్కర్లేదు. డబ్బు మీద వచ్చిన వడ్డీ కూడా వాడుకోవడానికి కాదు, తిరిగి కట్టాలి. ఆ సంగతి కాలేజీ అకౌంట్స్ విభాగానికి మొదటి నెలలోనే రాతపూర్వకంగా చెప్పాలి.

లాగర్లలో ఒకటి మొదటి వర్షాకాలంలోనే ఆగింది. పెట్టె పైభాగం నుంచి కేబుల్ తీసుకెళ్లడం వల్ల నీళ్లు లోపలికి దిగాయి, గ్లాండ్లు కిందివైపే ఉండాలన్న షరతు బిగించిన ఎలక్ట్రీషియన్ దాకా చేరలేదు. బిగించే మనిషి చేతికి తెలుగులో ఒక పేజీ, బొమ్మతో, ఇవ్వడం ఆ తర్వాతే మొదలైంది.

ఇంకా తేలనిది ఒకటుంది. ప్రాజెక్టు మూడేళ్లు. లాగర్లు నిధులిచ్చిన సంస్థ ఆస్తి జాబితాలో కాలేజీ పేరున ఉంటాయి గానీ బిగించింది పంపుహౌస్ గోడకు. మూడో ఏడు తర్వాత సిమ్ రీఛార్జి ఎవరు చేయాలి, బ్యాటరీ రెండేళ్లకోసారి ఎవరు మార్చాలి? నీటి విభాగం తన నిర్వహణ ఖర్చుల్లో కలుపుకోవాలంటే ఆ డేటా ఆపరేటర్‌కు రోజూ ఉపయోగపడాలి. అందుకని ట్యాంకు మట్టం ఆపరేటర్ ఫోన్‌కు వెళ్లేలా రెండో ఏడు మార్పు చేస్తున్నారు. పంపు ఆపడానికి ట్యాంకు మీదికెక్కి చూడాల్సిన పని తప్పితే, ఆ పెట్టెను ఆపరేటరే పీకేయనివ్వడు.